మూత్రనాళములోని గొట్టము: దాని బాధకు మందులు దొరకిన చరిత్ర

మన గ్రామములలో పెద్దలు తలనొప్పిని గూర్చి చెప్పుకొందురు. కీళ్లనొప్పిని గూర్చి రచ్చబండ మీద కూర్చుండి పదిమందితోను చెప్పుకొందురు. మూత్రమునకు సంబంధించిన బాధను మాత్రము ఇంటివారితో సైతము చెప్పరు. చెప్పువారికి బిడియము, వినువారికిని బిడియమే. రోగి చెప్పక, వైద్యుడు విడదీసి అడుగక యున్నంతకాలము ఒక బాధ వైద్యగ్రంథములలో తగిన స్థానము పొందకయే యుండెను. చెప్పించి, వ్రాసికొని, కొలిచిన పిమ్మటనే దానికి మందు వెదకుట క్రమముగా సాగినది. ఆ చరిత్రను ఈనాడు మీకు మనవి చేయుదును.

రాళ్లజబ్బు మనకు క్రొత్తది కాదు. సుశ్రుతసంహితలో అశ్మరి యను పేరున మూత్రాశయములోని రాతిని కోసి తీయు విధానము వర్ణింపబడియున్నది. ఉలవకట్టు, పల్లేరుకాయల కషాయము, కొండపిండి కషాయము మన యిండ్లలో తరతరములుగా వాడుకలో నున్నవే. నేడు పట్టణమునకు పోయి రాయి తీయించుకొని వచ్చిన వానిని పలుకరించినచో, “లోపల స్టెంటు వేసినారు, కొన్నివారములు పోయిన తరువాత మరల వచ్చి తీయించుకొమ్మన్నారు” అని చెప్పును. ఆ స్టెంటు అనునదే మన ప్రసంగమునకు మూలము.

ముందుగా శరీరములోని యేర్పాటును తెలిసికొందము. నడుమునకు పైభాగమున వెన్నెముకకు ఇరుప్రక్కల రెండు మూత్రపిండములు గలవు. ఒక్కొక్కదాని నుండి ఒక్కొక్క సన్నని నాళము దిగి పొత్తికడుపులోని మూత్రాశయమును చేరును. పెద్దవారిలో దీని పొడవు సుమారు 25 సెంటీమీటర్లు, అనగా జానెడు కంటె కొంచె మెక్కువ. ఇది పంటకాలువవలె ఊరక పల్లమునకు నీరు పారించునది కాదు. దీని గోడలలోని కండరములు అలలు అలలుగా ముడుచుకొనుచు మూత్రమును క్రిందికి నెట్టుచుండును. ఈ నాళమున రాయి అడ్డుపడినను, రాయి తీసిన పిమ్మట నాళము వాచినను, మూత్రము వెనుకకు నిలిచి మూత్రపిండమునకు చేటు కలుగును. అట్లు కాకుండ సుమారు రెండు మిల్లీమీటర్ల లావుగల మెత్తని గొట్టము నొకదానిని నాళములో పైనుండి క్రిందివరకు నిలిపి యుంచుదురు. అదియే స్టెంటు.

ఈ పేరు వచ్చిన విధము విచిత్రమైనది. చార్లెస్ స్టెంటు అను నతడు లండను నగరమున దంతవైద్యుడు. అతడు పండ్ల అచ్చు తీయుటకై 1856వ సంవత్సర ప్రాంతమున ఒక మెత్తని పదార్థమును సిద్ధపరచెను. మొదటి ప్రపంచయుద్ధకాలమున ఎస్సరు అను హాలెండు దేశపు శస్త్రవైద్యుడు, ముఖమునకు గాయములైన వారికి క్రొత్త చర్మము నతికించునపుడు, ఆ చర్మము కదలకుండుటకు ఈ పదార్థమునే ఆధారముగా నుంచెను. నాటినుండి శరీరమున ఒక భాగమును నిలిపియుంచు ఆధారమున కెల్ల దంతవైద్యుని పేరు క్రమముగా వాడుకయైనది. తన పేరు మూత్రనాళమున చేరునని ఆ దంతవైద్యుడు కలలోనైన ననుకొనియుండడు.

నాళములోనికి గొట్టమును పంపవలెనన్న, మొదట మూత్రాశయము లోపల కన్నులకు కనబడవలెను. జర్మనీ దేశపు వైద్యుడు మాక్సిమిలియన్ నిట్జె 1877 మొదలు 1879 వరకు గల సంవత్సరములలో, వెలుగును లోపలికి పంపి మూత్రాశయమును చూచు సాధనమును నిర్మించి చూపెను. క్యూబా ద్వీపమున పుట్టి పారిసు నగరమున ప్రసిద్ధుడైన అల్బరాన్ అను వైద్యుడు 1897లో ఆ సాధనమునకు ఒక చిన్న మీటను చేర్చెను. ఆ మీటతో సన్నని గొట్టమును వంచి నాళపు రంధ్రములోనికి పోనిచ్చుట సులభమైనది. అయినను ఆ గొట్టములు కొద్దికాలము మాత్రమే యుంచదగినవి. 1967లో అమెరికా దేశమున జిమ్‌స్కిండ్ మొదలగువారు సిలికోను రబ్బరుతో చేసిన గొట్టమును, కడుపు కోయకుండ ఈ మార్గముననే ప్రవేశపెట్టి, చాలకాలము లోపల నుంచవచ్చునని చూపిరి.

అపుడొక చిక్కు కలిగెను. నాళము అలలుగా ముడుచుకొనుచుండును గదా! ఆ కదలికకు గొట్టము క్రిందికి జారుటయో, పైకి ఎక్కుటయో జరుగుచుండెను. గిబ్బన్స్ అను వైద్యుడు 1976లో గొట్టము వెంబడి చిన్న ముండ్లవంటి కొక్కెములు పెట్టించెను. 1978లో ఫిన్నీ అను వైద్యుడు అంతకంటె చక్కని ఉపాయము కనిపెట్టెను. గొట్టపు రెండు చివరలను కొడవలివలె వంచి, ఒక వంపు మూత్రపిండములోను, రెండవ వంపు మూత్రాశయములోను నిలుచునట్లు చేసెను. ఆంగ్లాక్షరమగు జె ఆకారము రెండు కొనలయందును ఉండుటచే దీనికి డబుల్ జె స్టెంటు అని పేరు వచ్చినది. మన వాడుకలోని డీజే స్టెంటు ఇదియే. 1980లో జర్మనీ దేశపు మ్యూనిక్ నగరమున, శరీరమును కోయకుండ వెలుపలినుండి అదురు తరంగములతో రాతిని పగులగొట్టు చికిత్స ఆరంభమయ్యెను. పగిలిన ముక్కలు నాళమున అడ్డుపడకుండుటకును ఈ గొట్టము ఉపయోగపడెను. ఇట్లు అది లోకమంతట వ్యాపించినది.

జారకుండ నిలిపిన ఆ వంపే రోగికి క్రొత్త బాధను తెచ్చినది. క్రింది వంపు మూత్రాశయమున రంధ్రములకు సమీపమున నుండు మిక్కిలి సున్నితమైన చోటును, మనిషి నడచినప్పుడెల్ల, వంగినప్పుడెల్ల ఒరయుచుండును. దానివలన మాటిమాటికి మూత్రమునకు పోవలెననిపించును, ఆపుకొనుట కష్టమగును, మంట పుట్టును, ఒక్కొక్కప్పుడు నెత్తురు చాయ కనబడును. ఇక రెండవ కారణము. సహజముగా మూత్రము నాళమునుండి ఆశయములోనికి వచ్చునేకాని వెనుకకు పోదు. గొట్టము తలుపు తెరచిపెట్టినట్లుండుటచే, మూత్రము పోయునపుడు కొంత వెనుకకు ఎగదన్ని మూత్రపిండమును చేరును. అందుచేతనే గొట్టమున్నవారికి మూత్రము పోయు సమయమునకే నడుము ప్రక్క పోటు వచ్చును. ఇది రోగి కల్పనయు కాదు, శస్త్రచికిత్సలో దోషమును కాదు; గొట్టముయొక్క స్వభావము.

ఈ బాధకు మొదట వాడిన మందులు ఈ గొట్టము కంటె చాల పాతవి. ఐరోపా, అమెరికా వైద్యులు మూత్రాశయపు పోట్లకు నల్లమందును, బెల్లడోనా యను మొక్క సారమును కలిపి, గుదమార్గమున నుంచు బిళ్లలుగా చేసి వాడుచుండిరి. నల్లమందు నొప్పిని మరపించును. బెల్లడోనా కండరపు పట్టును సడలించును. బెల్లడోనా మన ఉమ్మెత్తకు చుట్టమే. రెండును వంకాయ కుటుంబములోనివే. వీనిలో ఒకే తెగకు చెందిన విషపదార్థములు గలవు. ఉమ్మెత్తను ఇంటివైద్యముగా ఎవరును ఎన్నడును మ్రింగరాదు. మోతాదు తప్పినచో అది ప్రాణమునే తీయును.

బెల్లడోనాలోని సారమగు అట్రొపీనును జర్మనీ దేశపు ఔషధకారుడగు మైన్ 1831లో వేరుచేసెను. అది యెట్లు పనిచేయునో తెలియుటకు మరి తొంబదియేండ్లు పట్టెను. 1921లో ఓటో లోవి అను శాస్త్రజ్ఞుడు కప్ప గుండెలపై చేసిన ప్రయోగములవలన, నరములు తమ యాజ్ఞను ఒక రసాయనద్రవ్యము ద్వారా అవయవమునకు అందించునని తేలెను. అసిటైల్‌కోలీను అను ఆ ద్రవ్యమే మూత్రాశయమును ముడుచుకొమ్మని ఆజ్ఞాపించునది. అట్రొపీను ఆ యాజ్ఞను అందనీయదు. ఈ పరిశోధనలకై లోవికిని, హెన్రీ డేలుకును 1936లో నోబెలు బహుమానము లభించెను. అయితే అట్రొపీను మూత్రాశయముతో ఆగక, నోరు ఎండజేయును, చూపు మసకజేయును, గుండె దడ పెంచును. కావున దానికంటె మెత్తని మందులను వెదకవలసి వచ్చినది.

1920వ దశాబ్దమున మరియొక మందు వచ్చినది. దాని రసాయననామము ఫెనజోపిరిడీను. పిరిడియము అను పేరున ప్రసిద్ధికెక్కినది. ఇది నిజమునకు ఒక రంగు. దీనిని మ్రింగినవారి మూత్రము నారింజపండు రంగుగా మారును. సూక్ష్మజీవులను చంపునను నమ్మకముతో దీనిని మొదట వాడిరి. ఆ గుణము నిలువలేదు. కాని మూత్రమార్గపు మంటను అది చల్లార్చునని రోగుల యనుభవమున తేలి, ఆ పనికి వాడుకలో నిలిచినది. మందు ఒక పనికి పుట్టి మరియొక పనికి ఉపయోగపడుట ఈ చరిత్రలో పలుమారులు కనబడును.

ఇక ముఖ్యమైన మలుపునకు వత్తము. 1978లో డబుల్ జె వచ్చినది మొదలు, బాధ కలుగునని వైద్యులు ఎరుగకపోలేదు. “కొద్దివారముల గొట్టమే కదా! తీసినంతనే బాధయు పోవును, అంతవరకు ఓర్చుకొనుడు” అనునది వాడుక మాట. కాని ఏ రోగికి ఎంత బాధ, అది పనికి ఎంత అడ్డు, నిద్రకు ఎంత అడ్డు అని కొలుచుటకు అందరు నంగీకరించిన కొలత లేదు. కొలతబద్ద లేనిచోట వస్త్రపు పొడవును గూర్చి వాదము తప్ప నిర్ణయము లేదు. ఒక మందు బాధను తగ్గించినదా లేదా అని తేల్చుటయు అట్లే అసాధ్యమైయుండెను.

ఇంగ్లండు దేశపు బ్రిస్టలు నగరమున జోషీ అను వైద్యుడును, అతని సహచరులును ఈ కొరతను తీర్చిరి. వారు చేసినది క్రొత్త సాధనము కాదు, క్రొత్త రసాయనమును కాదు, ఒక ప్రశ్నావళి. రోగులతో మాటలాడి, వారు చెప్పిన బాధలనుబట్టి 38 ప్రశ్నలను ఆరు భాగములుగా కూర్చిరి. మూత్రబాధ, శరీరపు నొప్పి, సాధారణారోగ్యము, చేయు పని, దాంపత్యజీవితము, ఇతర చిక్కులు అనునవి ఆ భాగములు. ఇది 2003లో ప్రకటింపబడినది. ఆ పరిశోధనలలో గొట్టమున్నవారిలో నూటికి సుమారు 80 మంది, నిత్యకృత్యములకు అడ్డువచ్చునంత నొప్పిని అనుభవించుచున్నట్లు తేలెను. ఏదో కొందరి సణుగుడు అనుకొనినది పదిమందిలో ఎనమండుగురి బాధయని అంకెలతో ఋజువైనది. రోగి మాటను ఒక తూకపురాయిగా చేయుట యిదియే. ఆ తూకపురాయి దొరకిన వెంటనే మందుల పరీక్ష మొదలయ్యెను.

ఏ మందును పరీక్షించిరి? దీనికి మరల కొంచెము వెనుకకు పోవలెను. 1948లో అమెరికా దేశమున రేమండు ఆల్‌క్విస్టు అను శాస్త్రజ్ఞుడు, అడ్రినలీను మొదలగు ద్రవ్యములు కొన్ని యవయవములను బిగియించుటయు, కొన్నింటిని సడలించుటయు గమనించి, శరీరమున వానిని గ్రహించు స్థానములు రెండు విధములని చెప్పెను. వానికి ఆల్ఫా, బీటా అను గ్రీకు అక్షరములను పేర్లుగా పెట్టెను. ఆ వ్యాసమును మొదట ఒక పత్రిక తిరస్కరించినది. వేరొక పత్రిక ప్రకటించినది. 1970వ దశాబ్దమున జెరూసలేము నగరమున మార్కో కేన్ అను వైద్యుడు, ఆల్ఫా స్థానములను మూసివేయు మందు నిచ్చినచో, ప్రోస్టేటు గ్రంథి పెరిగిన వృద్ధులకు మూత్రము సులభముగా వచ్చునని చూపెను. పిమ్మట జపాను దేశమున టామ్సులోసిను అను మందు తయారై, అచ్చట 1993లోను, అమెరికాలో 1997లోను వాడుకకు వచ్చెను. ఇది రక్తనాళములను అంతగా సడలింపక, మూత్రమార్గమును ఎక్కువగా సడలించును.

ఈ ఆల్ఫా స్థానములు ప్రోస్టేటు గ్రంథిలోనే గాక, మూత్రాశయపు మెడలోను, మూత్రనాళపు క్రిందిభాగమునను గలవు. అచ్చటనే గదా గొట్టము ఒరయుచున్నది! కావున ఆ గ్రంథియే లేని స్త్రీలకును ఈ మందు ఉపయోగపడగలదని వైద్యులు తలపోసిరి. 2006లో గ్రీసు దేశమున, ఏథెన్సు వైద్యులగు డెలివెలియోటిస్ మొదలగువారు గొట్టమున్న 100 మంది రోగులను తీసికొని, కొందరికి ఆల్ఫుజోసిను అను ఈ తెగ మందును రోజునకు 10 మిల్లీగ్రాముల చొప్పున నాలుగు వారములును, తక్కినవారికి మందులేని ఉత్తమాత్రయు ఇచ్చిరి. బ్రిస్టలు ప్రశ్నావళితోనే బాధను కొలిచిరి. మందు పుచ్చుకొన్నవారికి నొప్పియు, మూత్రబాధయు తక్కువగా నుండెను. 2008లో ఇటలీ దేశపు వైద్యులు టామ్సులోసినుతో అట్టి ఫలితమునే ప్రకటించిరి.

ఉత్తమాత్ర నిచ్చుట మోసము కాదా యని మీరడుగవచ్చును. రోగులు ముందుగా తెలిసి సమ్మతించినదే యిది. మాత్ర వేసికొంటినను ధైర్యముననే కొంత బాధ తగ్గుట కలదు. దినములు గడచుటచేతను తగ్గును. ఆ తగ్గుదలను తీసివేసి మిగిలినదే మందు గొప్ప. ఈ పరీక్షకు నిలువని మందులును గలవు. 2008లో ప్రకటింపబడిన ఒక అమెరికా పరీక్షలో, ఇంతకుముందు చెప్పిన పిరిడియమును, ఆక్సిబ్యూటినిను అను మందును ఉత్తమాత్రతో పోల్చి చూడగా, గొట్టపు బాధ విషయమున చెప్పదగిన భేదము కనబడలేదు.

ఆక్సిబ్యూటినిను అట్రొపీను బాటలోనిది. 1975లో అమెరికాలో అనుమతి పొందినది. ఆ బాటలోనే టోల్టెరోడీను, సోలిఫెనాసిను అను మందులు తరువాత వచ్చినవి. సోలిఫెనాసిను ఒంటిగానో, టామ్సులోసినుతో కలిపియో ఇచ్చినచో మూత్రపు తొందర తగ్గునని పలు పరీక్షలలో తేలినది. రెంటిని కలుపుటవలన అదనపు లాభము ఎంత యను విషయమున పరీక్షలన్నియు ఏకీభవించుట లేదు. ఆల్‌క్విస్టు చెప్పిన రెండవ తెగయగు బీటా స్థానములలో మూడవ రకమును 1989లో గుర్తించిరి. దానిని ప్రేరేపించి మూత్రాశయమును సడలించు మిరాబెగ్రాను అను మందు 2011లో జపానున అనుమతింపబడినది. దీనిని గూడ గొట్టపు బాధకు పరీక్షించి ఉపయోగకరమని కనుగొనిరి. ఇట్లు 1948 నాటి రెండు గ్రీకు అక్షరములును ఈ చిన్న గొట్టముకడ కలిసికొన్నవి. అయితే, ఈ మందులలో ఏదియు బాధను మూలముతో పెరికివేయునది కాదు, తగ్గించునవి మాత్రమే.

వీనిని వాడు పెద్దలు కొన్ని సంగతులు మరువరాదు. టామ్సులోసిను తెగ మందులు తీసికొన్నవారికి గబాలున లేచినచో కన్నులు తిరుగవచ్చును; మంచము మీద క్షణకాలము కూర్చుండి మెల్లగా లేవవలెను. కంటి శుక్లమునకు శస్త్రచికిత్స చేయించుకొనదలచినవారు, ఈ మందు వాడుచున్న సంగతియు, పూర్వము వాడిన సంగతియు కంటివైద్యునకు తప్పక చెప్పవలెను. కంటిపాపను విప్పు కండరమునందును ఆల్ఫా స్థానములు గలవు. శస్త్రచికిత్స సమయమున పాప సడలి చిక్కు కలుగునని 2005లో వైద్యులు గుర్తించిరి. సోలిఫెనాసిను తెగవి నోరెండుటను, మలబద్ధమును కలిగించును. కొందరు వృద్ధులకు మతిమసక కలిగించును. కొన్నివిధముల నీటికాసుల జబ్బు గలవారికి తగవు. మిరాబెగ్రాను వాడువారు రక్తపోటు చూపించుకొనుచుండవలెను. అంగడిలో కొను నొప్పిమాత్రలలో పెక్కు, మూత్రపిండము దెబ్బతిన్నవారికి మరింత చెరుపు చేయును. కావున వైద్యుని యడుగక ఏదియు వేసికొనరాదు. పొరుగువాని చీటీ మనకు చెల్లదు.

అన్నింటికంటె పెద్ద అపాయము వేరొకటి గలదు. మందువలన బాధ తగ్గినంతనే, గొట్టము లోపలనున్న సంగతినే మరచుట! ఈ గొట్టములు సాధారణముగా కొన్నివారములు మొదలు కొన్ని మాసములవరకు మాత్రమే యుంచదగినవి. గడువు దాటినకొలది, నీటికుండ లోపల సున్నపు పొర పట్టినట్లు, గొట్టము చుట్టును రాతిపొర పట్టును. ఏండ్లతరబడి మరచినచో గొట్టమే రాయియై, తీయుటకు పెద్ద శస్త్రచికిత్సలు కావలసివచ్చును, మూత్రపిండమే చెడిపోవచ్చును. ఏ రాతిని తొలగించుటకై గొట్టము వేసిరో, ఆ రాతికి ఆ గొట్టమే పుట్టినిల్లగును. కావున తీయవలసిన తేదీని ఆసుపత్రిలోనే వ్రాయించుకొని, ఇంటి పంచాంగముపై గుర్తుపెట్టి, కుమారునకో కోడలికో చెప్పియుంచుట మేలు. మూత్రమున కొంచెము ఎరుపు చాయ కనబడుట సాధారణమే. చలిజ్వరము వచ్చినను, నెత్తురు గడ్డలు పడినను, మూత్రము బంధించినను, మాత్రలతో కాలము పుచ్చక ఆ దినముననే ఆసుపత్రికి పోవలెను.

నల్లమందు బిళ్లలనాటినుండి నేటి మాత్రలవరకు ఈ త్రోవను చూచితిమి. రంగుగా వచ్చిన మందును, వృద్ధుల ప్రోస్టేటుకై వచ్చిన మందును ఈ బాధకు పనికివచ్చునేమోయని పరీక్షింపబడినవి. కాని ఏది మేలు చేసినది, ఏది చేయలేదు అని తేల్చినది మాత్రము, సిగ్గు విడిచి నిజము చెప్పిన రోగుల జవాబులే. బ్రిస్టలులో ఆనాడు ఎవరో కొందరు తమ రాత్రుల కష్టమును, పనికి పోలేని తనమును దాచక చెప్పిరి. వారి మాటల ఫలమును నేడు మన గ్రామములోని రోగియు అనుభవించుచున్నాడు. కావున మీ యింట ఎవరికైనను ఈ గొట్టము వేసినయెడల, “ఎట్లున్నది?” అని పైపైని అడిగి విడువకుడు. రాత్రి ఎన్నిమార్లు లేచినారు, నొప్పి ఎచ్చట, ఎప్పుడు అని అడుగుడు. బాధ మీదే యైనచో, వైద్యుని యెదుట బిడియపడక చెప్పుడు. తీయవలసిన తేదీని మాత్రము మరువకుడు.